వింతజంతువుల కార్డులు: అందలి ప్రకృతి, అందలి లెక్క

నేటి పిల్లలు ప్రాణముగా దాచుకొను వస్తువులలో రంగుబొమ్మల కార్డులు ఒకటి. పేకముక్కంత అట్టముక్క, దానిపై లోకమున ఎక్కడను లేని ఒక వింతజంతువు బొమ్మ, బొమ్మ ప్రక్కన దాని పేరు, బలము, బలహీనత. ఈ కార్డులను మూసిన పొట్లములలో అమ్ముదురు. లోపల ఏ కార్డులున్నవో పొట్లము విప్పువరకు తెలియదు. పెద్దలు వీనిని చూచి డబ్బు దండుగ యని విసుగుకొందురు. పిల్లలు మాత్రము వందల కొలది పేర్లను, వాని గుణములతో సహా, తడుముకొనకుండ అప్పగింతురు.

ఈ రెండు సంగతులకును శాస్త్రీయమైన కారణములు కలవు. కార్డుపై అచ్చైన జంతువు గుణములు జీవశాస్త్రమును తలపించును. కార్డు ఎంత అరుదుగ దొరకునన్నది గణితశాస్త్రమునకు చెందిన విషయము. మొదటిది ప్రకృతిని చూచి అల్లిన కల్పన. రెండవది అచ్చువేసినవారు నిర్ణయించిన లెక్క. ఈ రెండింటిని వేరుచేసి చూడగలిగినచో ఆట ఎట్టిదో, ఖర్చు ఎట్టిదో రెండును బోధపడును.

కార్డుల పుట్టుక

వస్తువుతోపాటు బొమ్మకార్డు నిచ్చు అలవాటు క్రొత్తది కాదు. 19వ శతాబ్దము చివర అమెరికాలోను, బ్రిటనులోను సిగరెట్టు కంపెనీలు పెట్టెలలో బొమ్మకార్డు లుంచెడివి. ఆటగాండ్రు, నటులు, పక్షులు, చేపలు, పూలు వానిపై నుండెడివి. వరుస పూర్తిచేయవలెనను కోరికతో జనులు అదే సిగరెట్టును మరల మరల కొనెడివారు. కాని ఆ కార్డులను కూడబెట్టుటయే గాని వానితో ప్రత్యేకమైన ఆట ఏదియు లేదు.

కూడబెట్టుటకును ఆడుటకును ఒకే కార్డు పనికివచ్చునట్లు చేసినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా గణితజ్ఞుడు. ఇతడు సాంయోగిక గణితములో పరిశోధన చేసి డాక్టరేటు పొందినవాడు. ఇతడు రూపొందించిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అను ఆట 1993లో వెలువడినది. అందు మాంత్రికులు, రాక్షసులు, రెక్కల సర్పములు మొదలైనవి కలవు. మామూలు పేకలో ఆటగాండ్రందరును ఒకే కట్టతో ఆడుదురు. ఈ ఆటలో ఎవరి కట్టను వారే తమకు దొరికిన కార్డులనుండి ఏర్చి కూర్చుకొందురు. కావున ఒకరితో నొకరు మార్చుకొనుట కూడ ఆటలో భాగమైనది.

తరువాత మూడేండ్లకు జపానునుండి పోకెమాన్ వచ్చినది. 'జేబులో పట్టు వింతజంతువులు' అని ఆ మాటకు అర్థము. దీనిని కల్పించిన సతోషి తజిరి 1965లో పుట్టెను. టోక్యో నగరపు శివారులోని మచిదలో పెరిగిన ఇతనికి బాల్యమున పురుగులను పట్టి పెంచుట మిక్కిలి ఇష్టము. చెరువులు పూడి, పొలములు పోయి, ఇండ్లు లేచినకొలది అక్కడ పురుగులు కనుమరుగైనవి. పురుగును వెదకి పట్టుకొనునప్పటి ఆనందమును తరువాతి పిల్లలకు ఆటరూపమున ఇవ్వవలెనని అతడు తలచెను. 1996 ఫిబ్రవరిలో చేతిలో ఇముడు గేమ్‌బాయ్ యంత్రముపై ఆ ఆట వెలువడినది. ఎరుపు, ఆకుపచ్చ అని దానికి రెండు ప్రతులు. ఒకదానిలోని కొన్ని జంతువులు రెండవదానిలో దొరకవు. కావున పూర్తి సంగ్రహము కావలెనన్నచో స్నేహితునితో మార్చుకొనక తప్పదు. అదే సంవత్సరము అక్టోబరులో జపానులో పోకెమాన్ కార్డులు, 1999లో వాని ఇంగ్లీషు ప్రతులు అమ్మకమునకు వచ్చినవి. తొలి ఆటలో జంతువులు 151. నేడు వాని సంఖ్య 1000కి మించినది.

కార్డుపై నున్న గుణములు

1999 నాటి మొదటి ఇంగ్లీషు వరుసలోని చారిజార్డ్ కార్డును ఉదాహరణగా తీసికొందము. ఇది నిప్పుజాతికి చెందిన రెక్కల బల్లి. దాని ప్రాణశక్తి 120. అది ఒక దెబ్బతో ఎదుటి జంతువుకు 100 పాళ్ల నష్టము కలిగింపగలదు. కాని ఆ దెబ్బ కొట్టుటకు నాలుగు నిప్పుశక్తి కార్డులు కూర్చుకొనవలెను. కొట్టినప్పుడెల్ల రెండు శక్తి కార్డులను వదలుకొనవలెను. నీటిజాతి జంతువు కొట్టినచో దానికి తగులు నష్టము రెట్టింపగును.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. బలమునకు ఖర్చు ఉన్నది. పెద్ద దెబ్బకు పెద్ద శక్తి కావలెను. ప్రకృతిలోను ఇట్లే. చిరుతపులి వేగము, ఏనుగు దేహము, నెమలి పింఛము వీనిలో ఏదియు ఊరక రాలేదు. ఆహారముగనో, శ్రమగనో, శత్రువు కంటబడు ప్రమాదముగనో ప్రతి జంతువును తన బలమునకు వెల చెల్లించుచున్నది. అన్నిట మేటియైన జంతువు ప్రకృతిలో లేదు. మంచి ఆటలోను ఉండదు.

రెండవ సంగతి బలాబలముల చక్రము. పోకెమాన్ యంత్రపు ఆటలో నిప్పు ఆకును కాల్చును, నీరు నిప్పును ఆర్పును, ఆకు నీటిని పీల్చును. మూడింటిలో ఏదియు తుది విజేత కాదు. కార్డుల తొలి వరుసలో ఈ చక్రము కొంత మారినది; నీటిజంతువుల బలహీనతను పెక్కింటికి మెరుపుజాతిపై పెట్టిరి. ఐనను మూలసూత్రము ఒకటే. ప్రతిదానిని మించునది మరియొకటి కలదు.

ఇది కేవలము ఆటకొరకు కల్పించినదని తోచవచ్చును. కాని అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో 'ఊటా స్టాన్స్‌బురియానా' అను చిన్న బల్లి కలదు. దాని మగవానిలో గొంతురంగునుబట్టి మూడు రకము లున్నవి. నారింజరంగు గొంతువి దుడుకువి. పెద్ద హద్దులను ఆక్రమించి, నీలిగొంతు మగవానిని తరిమివేయును. నీలిగొంతువి తమ ఆడబల్లులను దగ్గరనుండి కాచుకొనును. పసుపుగొంతువి చూచుటకు ఆడబల్లులవలె నుండి దొంగతనముగ ఇతరుల హద్దులలో చొరబడును. విశాలమైన హద్దును కాచలేని నారింజగొంతు బల్లి వీనిచేత మోసపోవును. దగ్గరనుండి కాచు నీలిగొంతు బల్లి మోసపోదు. ఈ విధముగ నారింజ నీలిని, నీలి పసుపును, పసుపు నారింజను మించుచున్నవి. ఒక రకము పెరిగినచో దానిని మించు రకమునకు అనుకూలమగును. అందుచే కొన్ని సంవత్సరములలో మూడు రకములును వంతులవారీగా హెచ్చి తగ్గుచుండును. బారీ సినెర్వో, కర్టిస్ లైవ్లీ అను శాస్త్రజ్ఞులు దీనిని 1996లో ప్రకటించిరి. పోకెమాన్ పుట్టినదియు అదే సంవత్సరము.

పరిణామమని పిలుచు మార్పు

మూడవ సంగతిలో మాత్రము కార్డులు పిల్లలను దారి తప్పించు అవకాశము కలదు. పోకెమాన్ ఆటలో ఒక జంతువు మరియొక జంతువుగ మారుటను 'పరిణామము' అందురు. కాటర్పీ అను గొంగళిపురుగు మెటాపాడ్ అను గూడుగను, పిదప బటర్‌ఫ్రీ అను సీతాకోకచిలుకగను మారును. ప్రతి మెట్టునకు వేరు కార్డు కలదు.

జీవశాస్త్రములో దీనికి పరిణామమని పేరు లేదు. గొంగళిపురుగు సీతాకోకచిలుక యగుట రూపపరివర్తనము. అది ఒకే ప్రాణి జీవితకాలములో, వారములలో, జరిగిపోవును. కప్పపిల్ల కప్ప యగుటయు ఇట్టిదే. చార్లెస్ డార్విన్ 1859లో వివరించిన పరిణామము వేరు. అందు మారునది ఒక ప్రాణి కాదు, తరములు గడచినకొలది మారు జాతి. ప్రతి తరములోను ప్రాణుల నడుమ స్వల్ప భేదము లుండును. పరిసరములకు తగిన భేదములు గలవి ఎక్కువ సంతానమును మిగుల్చును. ఆ భేదములు తరువాతి తరములలో వ్యాపించును. ఇందు ముందుగ నిర్ణయించిన మెట్లు లేవు, పై మెట్టు క్రింది మెట్టు అను తారతమ్యము లేదు. పోరాటములో గెలిచిన జంతువు ఆ క్షణమున మరింత గొప్ప జంతువుగ మారిపోవుట ప్రకృతిలో ఎక్కడను జరుగదు.

పిల్లవానికి ఈ భేదమును చెప్పుటకు అవే కార్డులు సాధనము కాగలవు. మూడు కార్డులను వరుసగ పరచి, ఇవి మూడు జంతువులా, ఒకే జంతువు మూడు దశలా యని అడిగినచో చాలును.

పొట్లము వెనుక లెక్క

ఇక రెండవ భాగము. కార్డు మూలన ఒక చిన్న గుర్తు కనిపించును. చుక్క యున్నచో మామూలు కార్డు, డైమను గుర్తున్నచో కొంత అరుదు, నక్షత్ర మున్నచో మిక్కిలి అరుదు. ఈ గుర్తు జంతువు గుణము కాదు. ఆ కార్డును ఎన్ని పొట్లములలో నొకసారి పెట్టవలెనన్న నిర్ణయము.

దీని ఫలితమును తెలిసికొనుటకు మొదట ఒక పాచికను తీసికొందము. ఒకటి మొదలు ఆరువరకు అన్ని ముఖములను చూచువరకు సగటున ఎన్నిసార్లు వేయవలెను? మొదటిసారి పడినది ఏదైనను క్రొత్తదే. రెండవ క్రొత్త ముఖమునకు సగటున 6/5, అనగా 1.2 సార్లు వేయవలెను. తరువాతి వానికి వరుసగ 1.5, 2, 3 సార్లు. ఐదు ముఖములు చూచిన పిమ్మట మిగిలిన ఆ ఒక్కదానికే సగటున 6 సార్లు వేయవలెను. మొత్తము 14.7. ముఖములు ఆరే ఐనను సుమారు పదునైదు పర్యాయములు కావలసివచ్చినది. అందులోను చివరి ముఖమే ఎక్కువ శ్రమపెట్టినది.

ఇప్పుడు కార్డులకు వత్తము. 1999 నాటి తొలి ఇంగ్లీషు వరుసలో మొత్తము కార్డులు 102. అందు మెరుపుపూత గల అరుదైన కార్డులు 16. పొట్లమునకు 11 కార్డులు. సుమారు మూడు పొట్లములలో ఒకదానియందు మెరుపుకార్డు వచ్చెడిది. ఆ పదునారును సమానముగ కలిసియున్న వనుకొని పాచిక లెక్కనే చేసినచో, అన్నియు చేతికి వచ్చుటకు సగటున 54 మెరుపుకార్డులు దొరకవలెను. అనగా సుమారు 162 పొట్లములు విప్పవలెను. పొట్లము వెల 100 రూపాయలని ఊహించినచో ఖర్చు 16,200 రూపాయలు. దొరికిన 54లో 38 కార్డులు ముందే ఉన్నవానికి నకళ్లు.

ఈ ఖర్చు ఎచ్చట చేరుచున్నదో చూడుడు. పదునారింటిలో మొదటి 8 రకములు దొరకుటకు సుమారు 32 పొట్లములు చాలును. మిగిలిన 8 రకములకు సుమారు 130 పొట్లములు కావలెను. చివరి ఒక్క కార్డునకే సగటున 48. సగము వరుస త్వరగ నిండుటచే మిగతా సగము కూడ అంత సులభముగనే వచ్చునని పిల్లవాడు నమ్మును. ఆ నమ్మకమే అతనిచేత పొట్లము తరువాత పొట్లము కొనిపించును.

ఇంకొక భ్రమ కలదు. 'నలుబది పొట్లములు విప్పితిని, రాలేదు. కావున తరువాతి పొట్లములో తప్పక వచ్చును' అని అనుకొందురు. లెక్కలేనన్ని పొట్లములు అచ్చై వచ్చుచున్నప్పుడు, ఇంతకుముందు ఎన్ని విప్పితిరో క్రొత్త పొట్లమునకు తెలియదు. కోరిన మెరుపుకార్డు దొరకు అవకాశము మొదటి పొట్లములో ఎంతయో నలుబదియొకటవ పొట్లములోను అంతయే, 48లో ఒక పాలు. సగటు 48 గదా యని సరిగ 48 పొట్లములు కొన్నను, ఆ కార్డు కంటబడకపోవు అవకాశము నూటికి 36 పాళ్లు. సగటు అనునది హామీ కాదు.

మార్చుకొనుటలోని లాభము

ఈ లెక్కకు విరుగుడు కూడ లెక్కలోనే కలదు. ఒకని దగ్గర నకలుగ పడియున్నది మరియొకనికి లేనిది కావచ్చును. పాచిక ఉదాహరణనే తీసికొన్నచో, ఇద్దరు పిల్లలు విడివిడిగ ఆరేసి ముఖములను కూర్చుకొనుటకు మొత్తము 29.4 సార్లు వేయవలెను. ఇద్దరును కలిసి వేసి, నకళ్లను పంచుకొన్నచో సగటున సుమారు 24 సార్లతో ఇద్దరి వరుసలును నిండును. డి. జె. న్యూమన్, ఎల్. షెప్ అను గణితజ్ఞులు 1960లో ఈ సమస్యను పరిష్కరించిరి. చేరినవారు పెరిగినకొలది ఒక్కొక్కరి వంతు ఖర్చు తగ్గుచుండును. కావున కార్డులు మార్చుకొను పిల్లలు కాలము వృథా చేయుచున్నారనుట సరికాదు. తెలియకయే వారు మంచి గణితమును ఆచరించుచున్నారు.

ప్రకృతిలోని అరుదుతనము

కార్డుల అరుదుతనము అచ్చుయంత్రము చేసినది. అచ్చువేయువారు తలచుకొన్నచో రేపే ఆ కార్డు వేలకొలది రాగలదు. ప్రకృతిలోను అరుదైనవి కలవు; కాని ఆ అరుదుతనమునకు కారణము వేరు.

అలెగ్జాండర్ స్టీవెన్ కార్బెట్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు మలయాలో సీతాకోకచిలుకలను సేకరించెను. అతని సంగ్రహములో 118 జాతులకు ఒక్కొక్క చిలుకయే దొరికినది. 74 జాతులకు రెండేసి, 44 జాతులకు మూడేసి దొరికినవి. మరికొంతకాలము వెదకినచో ఇంకెన్ని క్రొత్తజాతులు దొరకునన్నది ప్రశ్న. 1943లో రొనాల్డ్ ఫిషర్ అను గణాంకశాస్త్రజ్ఞుడు కార్బెట్, విలియమ్స్ అనువారితో కలిసి ఇట్టి సంగ్రహములను విశ్లేషించెను. మరి అంతే కాలము వెదకినచో సుమారు 75 క్రొత్తజాతులు దొరకవచ్చునని అట్టి గణనవలన తేలుచున్నది. కంటబడిన వానిలో అరుదైనవి ఎన్ని యున్నవో చూచి, కంటబడనివి ఎన్ని యుండునో ఊహింపవచ్చునన్నమాట. కార్డుల వరుసలో మొత్తము సంఖ్య ముందే తెలియును. అడవిలో ఎవరికిని తెలియదు. అడవిలో ఒక జాతి చివరి ప్రాణి పోయినచో దానిని మరల అచ్చువేయగల యంత్రము లేదు.

పిల్లల జ్ఞాపకశక్తి చెప్పు పాఠము

2002లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన ఆండ్రూ బామ్‌ఫర్డ్, అతని సహచరులు 'సైన్స్' పత్రికలో ఒక చిన్న పరిశోధనను ప్రకటించిరి. బ్రిటనులోని ప్రాథమిక పాఠశాలల పిల్లలు 109 మందికి వారు రెండు రకముల బొమ్మకార్డులను చూపిరి. ఒక రకములో ఆ దేశమున సామాన్యముగ కనిపించు మొక్కలు, జంతువులు. రెండవ రకములో పోకెమాన్ జంతువులు. నాలుగేండ్ల పిల్లలు నిజమైన ప్రాణులలో నూటికి 32 పాళ్లు గుర్తించిరి. పోకెమాన్‌లలో 7 పాళ్లు మాత్రమే. ఎనిమిదేండ్ల పిల్లలు నిజమైన ప్రాణులలో 53 పాళ్లు, పోకెమాన్‌లలో 78 పాళ్లు గుర్తించిరి.

ఈ అంకెలలో విచారింపదగినదియు కలదు, సంతోషింపదగినదియు కలదు. తన దేశపు ప్రాణులలో సగమును మాత్రమే ఎరిగిన పిల్లవాడు లేని జంతువులను అంతకంటె ఎక్కువ ఎరుగుట విచారకరమే. కాని ఎనిమిదేండ్ల మెదడునకు అన్ని రూపములను, పేర్లను, భేదములను నేర్చుకొను శక్తి పుష్కలముగ కలదనియు దానివలననే తెలియుచున్నది. లోపము పిల్లవాని శక్తిలో లేదు. అతని ముందు మనము ఉంచు వస్తువులలో కలదు.

ఈ పరిశోధననుండి ప్రేరణ పొంది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ఎన్‌గ్ 2010లో 'ఫైలో' అను కార్డుల ఆటను ప్రారంభించెను. అందలి ప్రాణులన్నియు నిజమైనవి. ప్రతి కార్డుపై ఆ ప్రాణి ఆహారము, పరిమాణము, అది బ్రతుకు వాతావరణము గుర్తింపబడియుండును. మొక్క కార్డు ముందు పడినగాని దానిని తిను జంతువు కార్డును వేయరాదు. ఆ జంతువు లేనిదే దానిని వేటాడు జంతువును వేయరాదు. ఆడుచుండగనే ఆహారపు గొలుసు అర్థమగును. ఈ కార్డులను ఎవరైనను ఉచితముగ అచ్చువేసికొనవచ్చును. ఇందు మూసిన పొట్లములతో పనిలేదు.

ఇట్టి ప్రయత్నము ఏ ఊరిలోనైనను, ఏ బడిలోనైనను చేయవచ్చును. పోస్టుకార్డంత అట్టముక్కలు ఇరువది తీసికొని, పాలపిట్ట, తొండ, మిణుగురు, పెంకుపురుగు, తంగేడు, జిల్లేడు మొదలగు చుట్టుపట్ల ప్రాణులను పిల్లలచేతనే వేయించవలెను. ఒక్కొక్కదానిపై అది ఏమి తినును, దానిని ఏది తినును, ఎక్కడ నివసించును, ఏ కాలములో కనిపించును అను నాలుగు విషయములను వ్రాయించవలెను. వ్రాయుటకు చాలనంత తెలియనప్పుడు పిల్లవాడు బయటికి పోయి చూడవలసియుండును. కార్డులవలన కలుగు ప్రయోజనము అప్పుడు పూర్తియగును.